వేషాలేసేవాళ్ళున్నారు, సమాజం నడిపేవాళ్ళేరండీ?

మా పక్క ఊళ్ళో ఒక నాటక సమాజం ఉంది. బ్యాంకు ఖాతాలో దానికి కాస్త డబ్బుంది గానీ తీసే దారి లేదు. చెక్కు మీద సంతకం పెట్టాల్సిన ఇద్దరిలో ఒకాయన కాలం చేశారు, రెండో ఆయన హైదరాబాదులో కొడుకు దగ్గర ఉంటున్నారు, ఊరికి రావట్లేదు. "సెక్రటరీ ఎవరండీ ఇప్పుడు?" అని అడిగితే "ఆయ్, ఎవరూ లేరండీ, అన్నీ ఆయనే చూసుకునేవారండీ" అన్నారు. నటులు మాత్రం ఎనిమిది మంది ఉన్నారు, అందరూ బాగానే చేస్తారు.

కళారంగానికి రేపటి నాయకులు కావాలని ఈమధ్య ప్రతి సభలోనూ అంటున్నారు. ఆ మాట వినగానే నాకు ఈ పాసుపుస్తకమే గుర్తొస్తుంది. గోదావరి డెల్టాలో కళాకారులకి ఏనాడూ లోటు లేదు. తర్వాత ఎవరు నడపాలన్న దగ్గరే మనకి ఎప్పుడూ తెగిపోతూ వచ్చింది, ఇది ఇవాళ్టి సంగతి కాదు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఇక్కడ నీళ్ళొచ్చాయి, నీళ్ళ వెనకే వరి, వరి వెనకే డబ్బు వచ్చాయి. ఆ డబ్బులో కొంత కళల వైపు మళ్ళింది. పిఠాపురం సంస్థానంలో తుమరాడ సంగమేశ్వర శాస్త్రిగారు వీణ విద్వాంసులుగా ఉన్నారు. పల్లెల్లో అయితే ముమ్మిడివరం, మురమండ, బల్లిపాడు లాంటి చోట్ల ఆటపాటలే వృత్తిగా బతికే కలావంతుల కుటుంబాలు ఉండేవి. పెళ్ళిళ్ళలో వాళ్ళు చేసే మేజువాణీల గురించి లొట్టలేసుకుంటూ చెప్పే పెద్దలు ఇప్పటికీ దొరుకుతారు గానీ, మేళం, అంటే ఆ బృందం, నడపడమంటే ఎంత పనో ఎవరూ చెప్పరు. పాటకీ అభినయానికీ పిల్లల్ని తయారుచేయాలి, మద్దెల వాళ్ళనీ ఫిడేలు వాళ్ళనీ కుదుర్చుకోవాలి, పెళ్ళివారితో బేరం మాట్లాడాలి, వచ్చింది అందరికీ పంచాలి. ఇంట్లో పెద్దామె ఇవన్నీ చేస్తుంటే పక్కన కూచుని చిన్నామె చూసి నేర్చుకునేది. ఇప్పుడు ఖరీదైన కోర్సులు పెట్టి నేర్పుతున్న యాజమాన్యం ఆ రోజుల్లో వసారాలోనే జరిగిపోయింది. అందులో ఆ ఆడవాళ్ళు పడ్డ అవమానాలూ ఉన్నాయి, అదేదో స్వర్ణయుగమని నేననను.

1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ వ్యవస్థని నిషేధిస్తూ చట్టం చేసింది, మరుసటి ఏడాదే జమీందారీల రద్దు చట్టం వచ్చింది. రెండూ రావాల్సినవే. కానీ ఒక్క ఏడాది తేడాలో ఇటు మేళం నడిపే మనిషీ అటు డబ్బిచ్చే మనిషీ ఇద్దరూ పక్కకి తప్పుకున్నారు, ఆ జాగాలోకి ఎవరు రావాలో మాత్రం ఏ చట్టంలోనూ రాయలేదు. తర్వాత ఎన్నో ఏళ్ళకి నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణగారు ఆ నాట్యాన్ని వెతుక్కుంటూ వచ్చేసరికి సరిదె మాణిక్యమ్మగారి లాంటి కొద్దిమంది పెద్దవాళ్ళ దగ్గర ఆ విద్య మిగిలి ఉంది. విద్య దొరికింది, మేళం నడిపే పద్ధతి మాత్రం వాళ్ళ ఇళ్ళతోనే పోయింది.

పట్నాల్లో కథ వేరు. రాజమండ్రిలో 1880లోనే కందుకూరి వీరేశలింగం పంతులుగారు తన శిష్యుల చేత నాటకం ఆడించారు. ఆ తర్వాత చిలకమర్తి వారు నాటకాలు రాసిచ్చారు, టంగుటూరి ప్రకాశం అనే కుర్రాడు వేషాలు వేశాడు, రాజకీయాల్లోకి రావడానికి చాలా ముందు మాట ఇది. కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ పేరు వింటే సరదా సంఘం అనిపిస్తుంది గానీ ఎస్వీ రంగారావు, అంజలీదేవి, ఆదినారాయణరావు, రేలంగి అందులోంచి వచ్చినవాళ్ళే. వాళ్ళంతా మద్రాసు రైలెక్కారు, తప్పేం లేదు, అన్నం అక్కడుంది. పాలకొల్లు నుంచి అల్లు రామలింగయ్య, ఆ తర్వాత దాసరి నారాయణరావు కూడా వెళ్ళారు. దాసరి లాంటివాళ్ళు వెళ్ళడం అంటే నటుడు వెళ్ళడం కాదు, పదిమందిని పోగేసి పని చేయించగల మనిషి వెళ్ళిపోవడం. నటుడు వెళ్తే ఇంకో నటుణ్ణి తెచ్చుకోవచ్చు.

నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ నాటకాల్లోది కాదు, బొమ్మలది. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలుగా పనిచేసిన ఆస్వాల్డ్ కూల్డ్రే అనే దొర, చదువు సరిగ్గా అబ్బని దామెర్ల రామారావు గీతలు చూసి, ఆ కుర్రాణ్ణి బొంబాయి జేజే ఆర్ట్ స్కూలుకి పంపే ఏర్పాటు చేశారు. అడివి బాపిరాజు, వరదా వెంకటరత్నం కూడా ఆ దొర చుట్టూ పెరిగినవాళ్ళే. రామారావు బొంబాయిలో ఉండిపోకుండా తిరిగొచ్చి 1920ల మొదట్లో రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టారు. 1925లో మశూచి వచ్చి పోయారు, అప్పటికి 28 ఏళ్ళు కూడా నిండలేదు. మామూలుగా అయితే బడి ఆ నెలలోనే మూతపడాలి. పడలేదు, ఎందుకంటే వరదా వెంకటరత్నంగారు పక్కనే ఉన్నారు, పగ్గాలు పుచ్చుకున్నారు. రామారావు పేరు మీద ఇవాళ రాజమండ్రిలో ఆర్ట్ గ్యాలరీ ఉందంటే అందులో ఆ రెండో మనిషి చలవ చాలా ఉంది. అందరం రామారావు బొమ్మల గురించి రాస్తాం, వరదా వారి గురించి రెండు ముక్కలు రాసి ఊరుకుంటాం. నేనూ అంతే అనుకోండి.

1940ల్లో కమ్యూనిస్టుల కళాసంఘం ప్రజానాట్యమండలి వచ్చింది, డాక్టరు గరికపాటి రాజారావు దాన్ని ముందుండి నడిపించారు. రాజకీయం సంగతి పక్కన పెడితే, ఊరూరా తిరిగే దళాల్లో పాడడమే కాదు, మకాం చూసుకోవడం, జనాన్ని పోగెయ్యడం, చందా లెక్క చెప్పడం కూడా కుర్రాళ్ళ పనే. ఆ దశాబ్దం చివర్లో నిర్బంధం వచ్చి దళాలు చెదిరిపోయాయి.

ఆ తర్వాత అంతా ప్రభుత్వం వైపు చూడ్డమే. రాష్ట్ర అకాడమీలు 1983లో రద్దయ్యాయి, 1985లో తెలుగు విశ్వవిద్యాలయం వచ్చింది. పల్లెల్లో నాటక పరిషత్తులు నాటికల పోటీలు పెట్టి రంగాన్ని నిలబెట్టాయి, కాదనను. ఉత్తమ నటుడు, ఉత్తమ దర్శకుడు, రంగాలంకరణ, ఆహార్యం అన్నిటికీ బహుమతులున్నాయి. సమాజాన్ని పదేళ్ళు నడిపి ఇంకొకరి చేతికి అప్పగించినవాడికి బహుమతి ఇవ్వడం నేనెక్కడా చూళ్ళేదు.

శిక్షణా లేకపోలేదు. కపిలేశ్వరపురంలో సర్వారాయ హరికథా పాఠశాల ఉంది, జమీందారు ఎస్‌పీబీకే సత్యనారాయణరావుగారు పెట్టింది, ఎందరో ఆడపిల్లలు అక్కడ నేర్చుకుని హరిదాసులయ్యారు. హరికథలో ఒక సౌలభ్యం ఉంది: చిరతలు పట్టుకుంటే ఒక్క మనిషే సగం బృందం. నాటకం అలా కాదు కదా. ఢిల్లీ నుంచి గురుశిష్య పరంపర కింద నెలనెలా డబ్బిచ్చే పథకం ఉంది, అది గురువుకీ శిష్యులకీ. దరఖాస్తు పెట్టాలంటే దర్పణ్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు, ఆడిట్ లెక్కలు కావాలి. ఇవి చేసే మనిషికి ఏ పథకంలోనూ పేరు లేదు. మేకప్ తీసేశాక రాత్రి పన్నెండింటికి ఆ పోర్టల్‌తో కుస్తీ పడి ఓటీపీ రాక తిట్టుకున్నవాణ్ణి, నాకు తెలుసు.

మా పక్క ఊరి సమాజానికి మొన్న ఒక దారి చెప్పారు. పాతది వదిలేసి కొత్తగా రిజిస్టరు చేయించుకోండి, 2001 సొసైటీల చట్టం ప్రకారం ఏడుగురు సభ్యులుంటే చాలు అని. ఎనిమిది మంది నటులున్నారుగా అనుకున్నాం. నెలకో మీటింగుకి రావాలి, ఎవరో ఒకరు ఖాతా పుస్తకం రాయాలి అనగానే నలుగురు వెనక్కి తగ్గారు. మిగతా నలుగురూ, వాళ్ళతో పాటు ఒకమ్మాయీ, మొత్తం ఐదుగురు సంతకాలు పెట్టారు. ఆ అమ్మాయి బీకామ్ చదువుతోంది, ఇంతవరకూ స్టేజీ ఎక్కలేదు, రిహార్సల్సులో ప్రాంప్టింగ్ చెబుతుంది. పుస్తకం నేను రాస్తానండీ అంది. ఇంకా ఇద్దరు కావాలి.