గోడ ఇంకో పది ఫీట్లు లేపితే అయిపోతదా? కరకట్టల మీద అపోహలు - వాస్తవాలు

2025 సెప్టెంబరు చివర్లో మూసీ పొంగి హైదరాబాద్ పెద్ద బస్టాండు ఎంజీబీఎస్‌లోకి నీళ్లు వచ్చాయి గుర్తుందా? ఆ మర్నాడు పొద్దున మలక్‌పేటలో నేను రోజూ టీ తాగే బండి దగ్గర ఒకటే ముచ్చట. నేను వరద గట్ల డిజైన్లు చేసే ఇంజనీర్నని బండాయనకు తెలుసు. "సార్, రెండు దిక్కుల గోడ ఇంకో పది ఫీట్లు లేపితే అయిపోతది గదా, ఎందుకు లేపరు మీరు?" అని అడిగాడు, గోడ నా జేబులోనే ఉన్నట్టు.

"లేపడం కాదు అన్నా, వెనక్కి జరపాలి" అన్నాను.

"యాడికి జరుపుతరు? నా ఇంట్లకా?"

టీ చల్లారేలోపు ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాను. మిగతావి అప్పుడే చెప్పాను గానీ, బండి దగ్గర చెప్పేవి బండి దగ్గరే పోతాయి. అందుకే ఇక్కడ రాస్తున్నా.

ముందుగా మాట సంగతి. గోదావరి జిల్లాల్లో ఏటిగట్టు అంటారు, కృష్ణా వైపు కరకట్ట అంటారు, హైదరాబాద్‌లో రిటైనింగ్ వాల్ అంటారు. పని ఒకటే, నీళ్లను నదిలోనే ఉంచడం. దాన్ని ఒడ్డు అంచు మీద కాకుండా కొన్ని వందల మీటర్లు వెనక కట్టి, మధ్య జాగాను వరదకు వదిలేయడమే వెనక్కి జరపడం.

అపోహ: కట్ట ఎంత ఎత్తుంటే అంత రక్షణ

ఇది అందరూ గట్టిగా నమ్మేది, కొందరు ఇంజనీర్లతో సహా. లెక్క చూద్దాం. 3 మీటర్ల ఎత్తు, పైన 5 మీటర్ల వెడల్పు, రెండు పక్కలా ఒకటికి రెండు వాలు (మీటరు ఎత్తుకు రెండు మీటర్లు పక్కకు) ఉన్న మట్టి కట్టకు మీటరు పొడవుకు 33 ఘనపు మీటర్ల మట్టి పడుతుంది. అదే కట్టను 6 మీటర్లు చేస్తే 102. ఎత్తు రెట్టింపయితే మట్టి మూడు రెట్లు దాటింది. కట్ట అడుగున వెడల్పు కూడా 17 మీటర్ల నుంచి 29కి పెరిగింది. అంటే ఎత్తు పెంచినా భూమి పోతుంది, జనం అది చూడరు. ఇక నిండుగా నీళ్లు నిలిచినప్పుడు కట్ట మీద పడే తోపుడు నాలుగు రెట్లు.

అన్నిటికన్నా నాకు టెన్షన్ పెట్టేది కట్ట కింద నుంచి పారే నీళ్లు. ఎత్తు పెరిగేకొద్దీ నది మట్టానికీ ఇవతల పొలానికీ తేడా పెరుగుతుంది, ఆ తేడాయే నీళ్లను కట్ట కింద ఇసుక పొరల్లోంచి నెడుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక వరద రాత్రి ఏటిగట్టు మీద ఒక లస్కరుతో (గట్టు కాపలా ఉద్యోగి) కాపలా తిరిగాను. ఆయన పైన నీటి మట్టం వైపు ఒక్కసారి కూడా చూడలేదు. టార్చి లైటు అంతా పొలం వైపు గట్టు పాదం మీదే. ఒకచోట ఊట బుడబుడమంటోంది. వంగి దోసిట్లో పట్టి చూసి, "తేట నీళ్లే సార్, పర్లేదు. మట్టి రంగు తిరిగితే మాత్రం బస్తాలు కాదు, ముందు ఊరిని లేపాలి" అన్నారు. మట్టి రంగు తిరిగిందంటే కట్ట లోపల నుంచి కొట్టుకుపోతోందని అర్థం. నేను చదువుకున్న రెండు సెమిస్టర్ల పాఠం ఆ దోసిట్లో ఉంది.

పాత కట్టలు చాలావరకు నది అంచునే ఉంటాయి. అక్కడ కింద ఉండేది నది వదిలేసిన ఇసుకే. వెనక్కి జరిపితే నీటి మట్టం తగ్గడంతో పాటు, బోర్లు వేసి చూసుకుని బంకమన్ను ఉన్న జాగాలో కట్టను పెట్టుకునే వీలు దొరుకుతుంది. ప్రతిచోటా దొరకదు. పాత పాయ ఎక్కడో అడ్డం వస్తూనే ఉంటుంది, అక్కడ ఖర్చు పెట్టాల్సిందే.

నగరంలో ఎత్తు గోడకు ఇంకో తిప్పలు ఉంది. నది మట్టం నాలా మూతి కన్నా పైకి వెళ్లగానే నాలా ఎగదన్నుతుంది. గోడ అవతల మూసీ, గోడ ఇవతల మన వాన నీళ్లు. షట్టరు మూస్తే మన నీళ్లు బయటికి పోవు, తెరిస్తే మూసీ లోపలికి వస్తుంది. గోడ ఎంత లేపినా ఈ ముడి విడిపోదు. నది మట్టం తగ్గితేనే విడిపోతుంది.

అపోహ: జంట జలాశయాలు ఉన్నాయి కదా, మళ్లీ ఇవన్నీ ఎందుకు

1908 సెప్టెంబరు 28 వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. ఆయన నగరంలో ఒడ్లను కట్టుదిట్టం చేయమంటూనే, అసలు వైద్యం ఎగువన నీళ్లు నిలపడమే అన్నారు. మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఆయన లెక్కల్లో నాకు ఎప్పుడూ గుర్తుండేది చెరువులది. ఎగువన 788 చెరువులుంటే, ఆ వానకు 221 తెగాయి. ఒక గండి నీళ్లు కింది చెరువును తెంచుతాయి, అది దాని కిందిదాన్ని. గొలుసు.

జలాశయాలు లేకపోతే నగరం ఇలా ఉండేదే కాదు. కానీ అవి తాగునీటికీ వాడే జలాశయాలు. తాగునీటికి నిండుగా ఉంచాలి, వరదకు ఖాళీగా ఉంచాలి. సెప్టెంబరు నెలాఖరుకు నిండి ఉన్నప్పుడు పెద్ద వాన పడితే గేట్లు ఎత్తడం తప్ప దారి లేదు. పైగా ఆ ఆనకట్టలకూ చాదర్‌ఘాట్‌కూ మధ్య నగరం మీద పడే వానను అవి ఆపలేవు. మధ్యలో అప్పట్లో పొలాలు ఉండేవి, ఇప్పుడు సిమెంటు ఉంది.

అపోహ: కట్ట వెనక్కి జరిపితే దిగువ వాళ్లందరూ బాగుపడతారు

దీని దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే గొడవలన్నీ ఇక్కడి నుంచే పుడతాయి.

ఫంక్షన్ హాల్లో భోజనాల గది తలుపు ఇరుకుగా ఉందనుకోండి. తలుపు వెడల్పు చేస్తే ఎవరికి హాయి? తలుపు దగ్గర నలుగుతున్న వాళ్లకు, వాళ్ల వెనక వరండాలో నిలబడ్డ వాళ్లకు. లోపల బంతిలో కూర్చున్న వాళ్లకు ఒరిగేదేమీ లేదు. మైదానంలో నిదానంగా పారే నదిలోనూ అంతే. ఒకచోట వెడల్పు చేస్తే ఆ చోట, దాని ఎగువన కొంత దూరం నీటి మట్టం తగ్గుతుంది. దిగువ మట్టం దాదాపు అలాగే ఉంటుంది. చాదర్‌ఘాట్ దగ్గర జాగా ఇస్తే మేలు ఎగువన పురానాపూల్ వైపు వెళ్తుంది గానీ దిగువన నాగోల్ వైపు కాదు. చాలా పొడవున, వేల ఎకరాలు వదిలితే మాత్రం వరద అక్కడ కొంత నిలిచి, దిగువకు కాస్త నెమ్మదిగా వెళ్తుంది. చిన్న చిన్న జరపడాలతో అది జరగదు. ఇంకా చెప్పాలంటే, ఇదివరకు పైన గండి పడి పొలాల్లోకి పోయిన నీళ్లు ఇప్పుడు నదిలోనే ఉండి కిందికి వస్తాయి. దిగువ వాళ్ల అనుమానం పూర్తిగా వట్టిది కాదు.

కాబట్టి భూమి ఇచ్చే ఊరు ఒకటి, మేలు పొందే ఊరు ఇంకొకటి. దీన్ని ఒక్క పంచాయతీయో ఒక్క మున్సిపాలిటీయో తేల్చలేదు, ఖర్చు నది పొడవునా పంచుకోవాలి. నెదర్లాండ్స్‌లో 1995లో నదులు పొంగి రెండున్నర లక్షల మందిని ఖాళీ చేయించాక, అక్కడి ప్రభుత్వం ముప్పైకి పైగా చోట్ల నదులకు జాగా ఇచ్చే పని చేపట్టింది. 2 వందల కోట్ల యూరోలకు పైనే అయింది. వాల్ నది మీద నైమెగన్ నగరం ఎదురుగా కట్టను 350 మీటర్లు వెనక్కి జరిపి, పక్కన కొత్త పాయ తవ్వారు.

అంత చేస్తే మట్టం ఎంత తగ్గిందనుకుంటున్నారు? సుమారు 35 సెంటీమీటర్లు. మూరెడు కూడా లేదు. మా క్లాసు లెక్క ప్రకారమైతే, వెడల్పు రెట్టింపు చేస్తే 20 అడుగుల నీళ్లు 13 అడుగులకు దిగాలి. కానీ కొత్తగా దొరికిన జాగా నది అంత లోతు ఉండదు, గడ్డీ చెట్లూ ఉంటాయి, నీళ్లు అక్కడ ఈడ్చుకుంటూ పోతాయి. మూరెడే కదా అని తీసిపారేయకండి. కట్ట పైనుంచి నీళ్లు పొర్లడానికీ పొర్లకపోవడానికీ మధ్య ఉండేది అంతే.

అపోహ: దూరంగా కడితే చాలు, ఇక దిగుల్లేదు

కోసీ నదిని చూడండి. రెండు కట్టల మధ్య కిలోమీటర్ల దూరం ఉంది. అయినా 2008 ఆగస్టు 18న నేపాల్‌లోని కుసహా దగ్గర తూర్పు కట్టకు గండి పడి ఉత్తర బీహార్ మునిగింది. కట్టల డిజైన్ తొమ్మిదిన్నర లక్షల క్యూసెక్కులకు. ఆ రోజు పారుతున్నది అందులో అయిదో వంతు కూడా లేదు. హిమాలయాల నుంచి వచ్చిన ఒండ్రు కట్టల మధ్యే పేరుకుని నది అడుగు పైకి లేచింది, ప్రవాహం ఒక పక్కకు ఒరిగి కట్టను కోసింది. దూరం ఒక్కటే చూసి మట్టి సంగతి, మరమ్మతు సంగతి మరిచిపోతే అదే గతి. కట్టల మధ్య ఇరుక్కున్న వందల గ్రామాల సంగతి సరేసరి.

అపోహ: వదిలిన భూమి ఇక దండగ

కోనసీమ లంకల్లో ఎవరినైనా అడగండి. గట్టుకూ గట్టుకూ మధ్య అరటి, కూరగాయలు పండిస్తారు, వరద ఒండ్రు వేసి పోతుంది. ఏడాదిలో కొన్ని రోజులు పడవ మీద బతకాల్సిన కష్టం ఉంది, దాన్ని నేను తీపి చేసి చెప్పను. మనకు దగ్గర్లో నాగోల్, పీర్జాదిగూడ వైపు మూసీ పక్కన పశువుల గడ్డి పెంచుతూనే ఉన్నారు కదా. గడ్డి వరదకు వంగుతుంది, తర్వాత లేస్తుంది. ప్రహరీ గోడ వంగదు. మేం డిజైన్లో గడ్డి అనుకుని లెక్క వేస్తాం. నాలుగేళ్లకు అక్కడ షెడ్లు, నర్సరీలు, పార్కింగ్, ఓ చిన్న గుడో దర్గానో వస్తాయి. లెక్క అక్కడితో సరి. మున్సిపల్ పరిధిలో నది హద్దు నుంచి 50 మీటర్లు వదలాలని 2012 నాటి జీవో 168 చెబుతూనే ఉంది.

అపోహ: కొత్తది కట్టగానే పాతది మొత్తం పీకేయాలి

అక్కర్లేదు. జర్మనీలో ఎల్బే నది మీద లెంట్సెన్ దగ్గర వెనక కొత్త కట్ట కట్టి, పాతదానికి ఆరు చోట్ల గండ్లు మాత్రం కొట్టారు. 420 హెక్టార్లు మళ్లీ నదికి వెళ్లింది.

వంతెనల గురించి కూడా ఒక్క మాట. కట్ట ఎంత వెనక్కి వెళ్లినా, వంతెన కానాలు (స్తంభాల మధ్య నీళ్లు పోయే ఖాళీలు) పాత వెడల్పునే ఉంటే నీళ్లు అక్కడికొచ్చి ఆగుతాయి. కట్ట బడ్జెట్‌లో వంతెన ఖర్చు రాయడం మరిచిపోయిన ప్రాజెక్టులు నేను చూశాను, చివర్లో రెండూ ఆగాయి.

ఇక టీ బండాయన ప్రశ్న

ఇది అపోహ కాదు. నైమెగన్‌లో ఖాళీ చేయించింది 50 ఇళ్లే, దానికే ఏళ్లు పట్టింది. అమెరికాలో మిస్సౌరీ నది మీద 2019 వరదకు తెగిన ఒక కట్టను దాదాపు 8 కిలోమీటర్ల మేర వెనక్కి జరిపి వెయ్యి ఎకరాలకు పైగా నదికి ఇచ్చారు, అదంతా పొలం. మన దగ్గర 2024లో మూసీ ఒడ్డున ఖాళీ చేయించాల్సిన ఇళ్ల గోడల మీద ఎర్ర రంగు గుర్తులు పడ్డప్పుడు ఆ గల్లీల్లో జనం ఎలా ఉన్నారో చూశాం. ఎక్కడికి వెళ్లాలో, పిల్లల బడి ఏమవుతుందో తేలకముందే గోడ మీద గుర్తు వేయడం నా ఉద్దేశంలో తప్పు. వరద మ్యాపు ఎంత సరిగ్గా ఉన్నా సరే.

నా మటుకు నేను అనుకునేది ఇది. పురానాపూల్ నుంచి చాదర్‌ఘాట్ దాకా కట్ట జరపడానికి మిగిలిన జాగా తక్కువ. అక్కడ ముందు చేయాల్సింది ప్రవాహానికి అడ్డంగా పోసిన కూల్చివేతల మట్టి తీయడం, ఇరుకు వంతెనలు మార్చడం, వాన అంచనా చూసి జలాశయాలను ముందే కొంత దించడం. కట్ట జరపగలిగింది నగరం అంచుల్లో, ఇంకా పొలంగా మిగిలిన చోట. నాగోల్ దాటాక జరిపితే చాదర్‌ఘాట్ దాకా ఆ మేలు రాదు, అక్కడక్కడే ఉంటుంది. కానీ అక్కడ వెంచర్ల రాళ్లు పాతేలోపు హద్దు గీయకపోతే, ఇరవై ఏళ్లకు అక్కడా ఇంకో టీ బండి ఉంటుంది.

నిన్న ఇదంతా బిల్లు వెనకాల గీసి చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "అంటే నా బండి ఈడనే ఉంటది, నీళ్లు గూడ వస్తయి" అన్నాడు.

"కొంచెం తక్కువొస్తాయి" అన్నాను.

"ఎంత తక్కువ?"

చేత్తో మూరెడు చూపించాను. ఆయన బండి కింద గ్యాస్ సిలిండర్ పెట్టే చెక్క ఎత్తును చూసుకుని, ఇంకో రెండు ఇటుకలు తెచ్చి కింద పెట్టాడు.