బొమ్మ లోపల మనిషి: అపోహలు, వాస్తవాలు

పన్నెండేళ్లుగా పిల్లల ప్రోగ్రాముల్లో ఎలుగుబంటి వేషం వేస్తున్నాను. "లోపల దూరి చేతులు ఊపడమేగా, దానికీ డబ్బులిస్తారా?" అని మా బావ ఇప్పటికీ ఆటపట్టిస్తాడు.

అపోహ: బొమ్మ కళ్లలోంచే మనిషి చూస్తాడు.

వాస్తవం: చాలా వేషాలకి కళ్లు ఉత్తుత్తివే. నేను చూసేది ఎలుగుబంటి నోట్లోంచి, నల్ల నెట్ గుడ్డ వెనక నుంచి. కాళ్ల దగ్గరున్న పిల్లాడు అస్సలు కనపడడు. అందుకే పక్కన ఒక మనిషి లేనిదే అడుగు వెయ్యను.

అమెరికాలో 1969లో మొదలైన పిల్లల టీవీ షో సెసమీ స్ట్రీట్‌లో బిగ్ బర్డ్ అని 8 అడుగుల 2 అంగుళాల పసుపు పక్షి ఉంది. దాని లోపల ఉండి ఆడించిన కరోల్ స్పిన్నీకి బయటికి చూసే వీలు దాదాపు ఉండేది కాదు. ఛాతీకి చిన్న టీవీ కట్టుకుని, కెమెరాకి తానెలా కనిపిస్తున్నాడో చూసుకుంటూ నడిచేవాడు. అది అద్దం కాదు, తాను ఎడమకి జరిగితే తెర మీద పక్షి కుడికి పోతుంది. డైలాగుల కాగితాలు కూడా లోపలే అంటించుకునేవాడు.

అపోహ: చేతులు ఊపితే చాలు.

వాస్తవం: స్పిన్నీ కుడిచెయ్యి ఎప్పుడూ తల మీదికి ఎత్తే ఉండేది. పక్షి మెడ, తల అదే. చిటికెన వేలితో కనురెప్పలు ఆడించేవాడు. ఎడమచెయ్యి ఎడమ రెక్కలో. మరి కుడి రెక్క? దానికి గాలపు తీగ కట్టి, మెడ దగ్గర నుంచి ఎడమచేతికి కలిపారు. ఎడమది దించితే కుడిది లేస్తుంది. మీరూ ఓసారి కుడిచెయ్యి నిటారుగా ఎత్తి, మూడు నిమిషాలు నవ్వుతూ మాట్లాడి చూడండి. నాకు రెండో నిమిషానికే భుజం పీకింది.

అపోహ: ఇది కుర్రాళ్ల పని, రెండేళ్ల ముచ్చట.

వాస్తవం: స్పిన్నీ 2018లో, 84 ఏళ్లకి రిటైరయ్యాడు. చివరి మూడేళ్లూ గొంతు మాత్రమే ఇచ్చాడు.

అపోహ: లోపల ఫ్యాన్ ఉంటుంది, హాయి.

వాస్తవం: ఉంటుంది. వేడిగాలినే తిప్పుతుంది.

అపోహ: గొంతు కూడా లోపలివాడిదే.

వాస్తవం: అన్నిసార్లూ కాదు. అమెరికాలో పిల్లల టీవీ షోలో వచ్చిన బార్నీ డైనోసార్ లోపల ఏళ్ల తరబడి డేవిడ్ జాయ్నర్ ఆడితే, గొంతు బాబ్ వెస్ట్‌ది. నా ఎలుగుబంటికీ రికార్డింగే, నేను నోరెత్తకూడదు. మొన్న మే నెలలో ఓ నాలుగేళ్ల పాప పొట్టకి అతుక్కుపోయి, ముక్కు చిట్లించి, "నువ్వు స్నానం చెయ్యలేదా?" అంది. ఏం చెప్తాం! ఎలుగుబంటి తల అడ్డంగా ఊపాను.