మస్టర్ ఫోన్‌లోకి ఎలా వెళ్లింది?

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. ఆ చట్టం ఇచ్చింది కూలి పని ఒక్కటే కాదు. 17వ సెక్షన్ ప్రకారం పనుల మీద సామాజిక తనిఖీ జరిపేది గ్రామసభే. మస్టర్ కాగితం, అంటే కూలీల హాజరు పట్టీ, పని దగ్గరే ఉండేది, తన పేరు పడిందో లేదో చూపించమని ఎవరైనా అడగగలిగేవాళ్లు. ఆ పేర్లు ఊరందరి ముందు చదివితే పనికి రానివాళ్లెవరో అక్కడికక్కడే తేలిపోయేది. దొంగ మస్టర్లు అప్పుడూ ఉన్నాయి, తక్కువేం కాదు. కానీ వాటిని పట్టుకునే వీలు కూలీల చేతిలోనూ ఉండేది.

2021 మేలో కేంద్రం ఎన్‌ఎంఎంఎస్ అనే హాజరు యాప్ తెచ్చింది. 2023 జనవరి 1 నుంచి దాదాపు అన్ని పనులకూ తప్పనిసరి చేసింది. పనిచోట కూలీల ఫొటోలు రోజుకు రెండు ఎక్కించాలి, రెండోది మొదటిదానికి నాలుగు గంటల తర్వాత.

మన దగ్గర కూలి కట్టేది కొలతను బట్టి. కందకం ఎంత పొడవు, ఎంత లోతు తవ్వారో చూసి గ్రూపుకు లెక్కగడతారు. అందుకే ఎండ ముదరకముందే వచ్చి గబగబా తవ్వేసి ఇళ్లకు పోయేవాళ్లు. రెండో ఫొటో నిబంధన వచ్చాక పని అయిపోయినా ఎండలో కాచుకుని కూర్చోవాల్సి వచ్చింది. ఫొటో ఎక్కకపోతే ఆ రోజు కూలికే ఎసరు. తవ్విన కందకం కళ్లెదుటే ఉంటుంది. హాజరు తీసే మేట్‌ను అడిగితే, "నా చేతిలో ఏముందక్కా, యాప్ తీసుకోల్యా" అనే జవాబు. నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఈ జవాబే. మేట్‌తో పోట్లాడొచ్చు, ఎంపీడీవో ఆఫీసు ముందు కూర్చోవచ్చు. యాప్‌ను ఎవరు నిలదీయాలి?

పనిచోట కంప్యూటర్ మీద ఎవరి మాట చెల్లాలన్న తగవు పాతదే. జర్మనీలో 1972 చట్టం ప్రకారం ఉద్యోగుల ప్రవర్తననూ పనితీరునూ కనిపెట్టే యంత్రం పెట్టాలంటే కార్మికులు ఎన్నుకున్న మండలి ఒప్పుకోవాలి. అదే దశకంలో నార్వే లోహ కార్మికుల సంఘం, క్రిస్టెన్ నైగార్డ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్తను తోడు తీసుకుని, ఈ యంత్రాలు తమ పనిని ఎలా మారుస్తాయో తానే అధ్యయనం చేయించింది. మన బ్యాంకుల్లోనూ కంప్యూటర్ల మీద 1983లో యూనియన్లతో ఒప్పందం జరిగింది. యాజమాన్యంలో కార్మికులకు భాగం ఉండాలని రాజ్యాంగంలో 43ఎ అధికరణం 1976 సవరణతోనే వచ్చింది.

ఇవన్నీ సంఘబలం ఉన్నచోట పనిచేశాయి. 2022 ఆగస్టులో సొంత ఫోన్లలో ముఖ హాజరు యాప్ వేసుకోబోమని మన రాష్ట్ర టీచర్లు అడ్డం తిరిగితే మంత్రి వాళ్ల సంఘాలను చర్చలకు పిలిచారు. ఉపాధి కూలీలు 2023 ఫిబ్రవరిలో ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర వంద రోజుల ధర్నాకు దిగాల్సి వచ్చింది. అయినా యాప్ ఆగలేదు.

పోనీ దొంగ హాజరు ఆగిందా అంటే అదీ లేదు. పనితో సంబంధం లేని ఫొటోలు, ఫొటోకు తీసిన ఫొటోలు ఎక్కిస్తున్నారని 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే సర్క్యులర్‌లో రాసింది. పంచాయతీ స్థాయిలో ప్రతి ఫొటోనూ సరిచూడమంది. అంటే పని మళ్లీ మనుషుల మీదికే వచ్చింది, అదీ సిబ్బంది మీదికి. ఎవరు పనికొచ్చారో ముఖం చూసి చెప్పగలిగింది పక్కన తవ్విన కూలీలే. ఆ ఫొటోలను గ్రామసభలో వాళ్ల ముందు పెట్టాలి, ఫొటో ఎక్కని రోజు హాజరుకు వాళ్ల సాక్ష్యాన్ని లెక్కలోకి తీసుకోవాలి.