క్వాంటమ్ వార్తల్లో రాలిపోతున్న 'అయితే'

ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ రోజుల్లో, విజయవాడలో మా పటమటలోనే ఉండే ఒకాయన కొడుకుని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చారు. చేతిలో ఏదో కాలేజీ బ్రోచరు. "మాస్టారూ, అమరావతికి క్వాంటమ్ కంప్యూటర్ వస్తోందంట కదా. ఈ కోర్సు పేరులోనే క్వాంటమ్ ఉందండీ. మేనేజ్‌మెంట్ కోటాలో అయినా సీటు కొందామనుకుంటున్నా. వీడు సెటిలైపోతాడంటారా?" అని అడిగారు. పిల్లవాడు తల దించుకుని కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్లు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పాను గానీ, ఆ ప్రశ్నకు అవుననో కాదనో ఒక్క మాటలో చెప్పలేకపోయాను. ఆ రోజు కాఫీ తాగేంతసేపట్లో చెప్పడానికి కుదరనిదంతా ఇక్కడ రాస్తున్నాను.

వార్త ఇదీ. అమరావతిలో కట్టబోయే క్వాంటమ్ వ్యాలీ టెక్ పార్కులో ఐబీఎం క్వాంటమ్ సిస్టమ్ టూ అనే యంత్రాన్ని పెడతామని 2025 మేలో ప్రకటన వచ్చింది. ఐబీఎం, టీసీఎస్, రాష్ట్ర ప్రభుత్వం అందులో భాగస్వాములు. యంత్రంలో ఉండేది 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసర్. మామూలు కంప్యూటర్‌లో సమాచారాన్ని మోసే అతి చిన్న భాగం బిట్ అయితే, క్వాంటమ్ కంప్యూటర్‌లో అది క్యూబిట్. దేశంలోకెల్లా పెద్ద క్వాంటమ్ కంప్యూటర్ ఇదే అవుతుందన్నారు. జూన్ నెలాఖరున విజయవాడలో దీని మీద జాతీయ స్థాయి వర్క్‌షాప్ కూడా జరిగింది. వీటన్నిటికీ ముందు, 2023 ఏప్రిల్‌లో కేంద్రం జాతీయ క్వాంటమ్ మిషన్‌కు ఆమోదం తెలిపింది. ఎనిమిదేళ్లకు గాను దానికి 6,003 కోట్ల రూపాయల పైచిలుకు కేటాయించింది.

ఇవన్నీ నిజాలే. యంత్రం మీద నాకు అనుమానం లేదు. కానీ ఈ విషయం ప్రయోగశాల నుంచి బయల్దేరి మా వీధిలో బ్రోచరు దాకా వచ్చేలోపు దారిలో ఒక మాట రాలిపోయింది. శాస్త్రవేత్త తన ప్రతి ఫలితం పక్కనా రాసుకునే 'అయితే' అనే మాట. అది ఎప్పటినుంచి, ఎక్కడెక్కడ రాలుతూ వచ్చిందో తెలిస్తే గానీ ఆ తండ్రి అడిగిన ప్రశ్నకు జవాబు దొరకదు.

కథ 1981లో అమెరికా భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ ఇచ్చిన ఒక ఉపన్యాసంతో మొదలవుతుంది. ప్రకృతి పరమాణువుల స్థాయిలో క్వాంటమ్ సూత్రాల ప్రకారం నడుస్తున్నప్పుడు, దాన్ని లెక్కగట్టే యంత్రం కూడా అదే సూత్రాలతో పనిచేయాలి కదా అన్నాడాయన. చాలాకాలం అది భౌతికశాస్త్రంవాళ్ల మధ్య మాటగానే ఉండిపోయింది. 1994లో పీటర్ షోర్ అనే గణిత శాస్త్రవేత్త, పెద్ద సంఖ్యను కారణాంకాలుగా విడగొట్టే పనిని క్వాంటమ్ కంప్యూటర్ చాలా వేగంగా చేయగలదని కాగితం మీద నిరూపించాడు. బ్యాంకుల రహస్యాలు, ఇంటర్నెట్ తాళాలు (అంటే సమాచారాన్ని దాచే సంకేతలిపులు) చాలావరకు ఆ పని కష్టమన్న నమ్మకం మీదే నిలబడి ఉన్నాయి. అప్పుడు ప్రభుత్వాలు, కంపెనీలు నిటారుగా కూర్చున్నాయి.

2001లో ఐబీఎం శాస్త్రవేత్తలు ఏడు క్యూబిట్లతో షోర్ పద్ధతిని నిజంగా నడిపి చూపించారు. వాళ్లు విడగొట్టిన సంఖ్య 15. మూడైదులు పదిహేను. రెండో తరగతి పిల్లలకు నోటికొచ్చే ఎక్కమే అయినా, అది చిన్న విజయం కాదు. ఒక ఆలోచన మొదటిసారి యంత్రంలో కదిలింది. ఇక బ్యాంకుల తాళాల సంగతి. 2048 బిట్ల పొడవున్న సంఖ్యతో వేసిన తాళాన్ని తీయాలంటే దాదాపు 2 కోట్ల క్యూబిట్లు, 8 గంటల సమయం కావాలని 2019లో గూగుల్ పరిశోధకుడు క్రెయిగ్ గిడ్నీ, మార్టిన్ ఎకెరా లెక్క వేశారు. 2025 మేలో గిడ్నీయే ఆ లెక్కను దిద్ది, 10 లక్షల లోపు క్యూబిట్లతో వారం లోపు తీయొచ్చన్నాడు. ఆరేళ్లలో అవసరం ఇరవయ్యో వంతుకు తగ్గింది. గొప్ప పనే. మన దగ్గరికి తెస్తామన్న యంత్రంలో ఉన్నవి 156. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన అచ్చు వేసిన బ్రోచరు ఇంతవరకు నాకు కనిపించలేదు.

అన్ని లక్షలు ఎందుకు కావాలంటే, క్యూబిట్లు చాలా సున్నితమైనవి. మైనస్ 273 డిగ్రీలకు అతి దగ్గరగా చల్లబరిచినా వాటిలో తప్పులు దొర్లుతూనే ఉంటాయి. దసరా రోజుల్లో బీసెంట్ రోడ్డు మధ్యలో నిలబడి ఫోన్ మాట్లాడాలంటే ఒకే మాటను నాలుగైదుసార్లు చెప్పాలి, అవతలివాళ్లు అన్నీ కలిపి చూసుకుని అర్థం చేసుకోవాలి. ఇక్కడా దాదాపు అంతే. నమ్మదగిన ఒక్క క్యూబిట్ కోసం తప్పులు చేసే క్యూబిట్లను వందల్లో కలిపి వాడాలి. ఈ తప్పులు దిద్దే పనే అసలు సమస్య. మిగతా వార్తలన్నీ దాని చుట్టూ తిరిగేవే.

2019 అక్టోబరులో గూగుల్ ఒక ప్రకటన చేసింది. తమ 53 క్యూబిట్ల సికమోర్ చిప్ 200 సెకన్లలో చేసిన లెక్కకు ప్రపంచంలోకెల్లా పెద్ద సూపర్ కంప్యూటర్‌కు 10,000 ఏళ్లు పడుతుందంది. ఆ మాటే శీర్షిక అయింది. అంత కాలం అక్కర్లేదని, తమ లెక్క ప్రకారం రెండున్నర రోజులు చాలని ఐబీఎం ఆ వారంలోనే జవాబిచ్చింది. 2022 నాటికి చైనా పరిశోధకులు 512 గ్రాఫిక్స్ ప్రాసెసర్లతో అదే పనిని దాదాపు 15 గంటల్లో ముగించారు. పైగా ఆ లెక్క ఎవరి అవసరం కోసం చేసిందీ కాదు, యంత్రం గొప్పతనం బయటపడేలా ఏరి తీసుకున్న సమస్య. ఈ సంగతులన్నీ పరిశోధనా పత్రాల్లో ఉన్నాయి. పదివేల ఏళ్లు మాత్రం జనం మనసులో ఉండిపోయాయి.

2024 డిసెంబరులో గూగుల్ నుంచే విల్లో అనే 105 క్యూబిట్ల చిప్ వచ్చింది. దాని అసలు ఫలితం నిజంగా ముఖ్యమైనది. క్యూబిట్ల గుంపును పెంచేకొద్దీ తప్పులు పెరగకుండా తగ్గాయి. దాదాపు ముప్ఫై ఏళ్లుగా ఆ రంగంలోని వాళ్లు ఎదురుచూస్తున్న ఘట్టం అది. కానీ మా గ్రూపుల్లో తిరిగిన మెసేజీల్లో ఆ విషయం లేదు. ఒకటి పక్కన పాతిక సున్నాలు పెట్టినన్ని ఏళ్ల లెక్కను ఐదు నిమిషాల్లో చేసిందన్నది ఉంది. ఈ లెక్క సమాంతర విశ్వాల్లో జరుగుతోందన్న ఆలోచనకు బలమిస్తోందని గూగుల్ క్వాంటమ్ విభాగం అధిపతి తన ప్రకటనలో రాసిన ఒక్క వాక్యం కూడా ఉంది. మల్టీవర్స్ సినిమాలు చూసిన పిల్లలకు ఆ వాక్యం చాలు. తప్పులు తగ్గాయన్న వార్తను సినిమాగా తీయలేం గదా.

2025 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ మయొరానా 1 అనే చిప్‌ను ప్రకటించింది. కొత్త రకం క్యూబిట్ దొరికిందని, ఇక దశాబ్దాలు కాదు ఏళ్లే మిగిలాయని చెప్పింది. దాంతోపాటే 'నేచర్' పత్రికలో పరిశోధనా పత్రం వచ్చింది. ఆ పత్రంతో పాటు విడుదల చేసిన సమీక్షల ఫైలులో సంపాదకులు ఒక గమనిక చేర్చారు. ఈ ఫలితాలు ఆ పరికరాల్లో మయొరానా స్థితులు (ఆ కొత్త క్యూబిట్‌కు ఆధారం కావలసినవి) ఉన్నాయనడానికి సాక్ష్యం కావు అని దాని సారాంశం. ఇదే రంగంలో 2018లో అదే పత్రికలో వచ్చిన మరో పత్రాన్ని 2021లో వెనక్కి తీసుకోవలసి వచ్చింది. నా దృష్టిలో ఆ గమనిక మొత్తం ఉదంతంలోనే విలువైన వాక్యం. నేను చదివిన ఏ పేపర్లోనూ అది రాలేదు.

షేర్ మార్కెట్ మీద ఎక్కువ చెప్పను. 2025 జనవరిలో చిప్‌ల కంపెనీ ఎన్విడియా అధిపతి జెన్సెన్ హువాంగ్, పనికొచ్చే క్వాంటమ్ కంప్యూటర్లకు 15 నుంచి 30 ఏళ్లు పట్టొచ్చన్నాడు. ఆ ఒక్క మాటకు కొన్ని క్వాంటమ్ కంపెనీల షేర్లు ఒక్క రోజులో మూడో వంతుకు పైగా విలువ కోల్పోయాయి. తర్వాత ఆయనే ఆ మాటను సవరించుకున్నాడు. ఇక క్వాంటమ్ పేరు పెట్టి అమ్మే లాకెట్లు, కడియాలు, నీళ్ల సీసాలు వేరే కథ. 5జీ నుంచి కాపాడతాయని అమ్ముతున్న అలాంటి పది వస్తువుల్లో రేడియోధార్మికత ఉందని, వేసుకోవద్దని 2021 డిసెంబరులో నెదర్లాండ్స్ అణు భద్రతా సంస్థ హెచ్చరించింది. మన బజార్లలో ఇలాంటివి కొనేముందు ఆ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

'అయితే' అని అడగడం మన ఊరికి కొత్త కాదు. గోపరాజు రామచంద్రరావు, అందరూ గోరా అనే ఆయన, వృక్షశాస్త్రం చెప్పిన లెక్చరరు. తన నాస్తికత్వం వల్ల ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో దాన్ని విజయవాడకు తెచ్చారు. ఆయన భార్య సరస్వతి గోరా గర్భవతిగా ఉండి గ్రహణం చూశారు. బెంజ్ సర్కిల్ దగ్గరున్న ఆ కేంద్రం వాళ్లు నిప్పుల మీద నడిచే ప్రదర్శనలు పెట్టేవారు. నాకు అందులో నచ్చేది వాళ్లు నడవడం కాదు. చూడటానికి వచ్చినవాళ్లను కూడా మీరూ నడవండి అనేవారు. బొగ్గు వేడిని నెమ్మదిగా అందిస్తుంది, పైన బూడిద ఉంటుంది, పాదం తగిలేది క్షణకాలం. మహిమ ఉన్నవాడూ లేనివాడూ ఒకేలా దాటతారు. ఎవరి మాటా నమ్మనక్కర్లేదు. దేవుడున్నాడా లేడా అన్న దానిలో గోరాతో ఏకీభవించని వాళ్లు కూడా ఆ పద్ధతిని కాదనలేరు.

1995 సెప్టెంబరు 21న వినాయకుడు పాలు తాగుతున్నాడని దేశమంతా గుళ్ల ముందు బారులు తీరినప్పుడు కూడా అదే పద్ధతి పనికొచ్చింది. పాలలో రంగు కలిపి చూస్తే, అవి విగ్రహం మీదుగా పల్చని పొరలా కిందికి జారుతున్నట్టు తేలిపోయింది. తలతన్యత పాఠం చెప్పేటప్పుడు క్లాసులో నేను ఆ ఉదాహరణే చెప్పేవాణ్ణి.

క్వాంటమ్ కూడా మనకు నిన్నగాక మొన్న తెలిసిన మాట కాదు. విజయవాడకు దగ్గర్లోని ఆగిరిపల్లిలో 1909లో పుట్టిన సూరి భగవంతం, సి.వి.రామన్‌తో కలిసి 1931లో కాంతి కణానికి స్పిన్ అనే క్వాంటమ్ లక్షణం ఉందని ప్రయోగంతో చూపారు. తర్వాత బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టరయ్యారు. క్వాంటమ్ వ్యాలీ గురించి ఇంత రాస్తున్నప్పుడు ఆయన పేరు ఎవరూ తలవకపోవడం నాకు బాధగా ఉంది.

అయితే అనుమానం కూడా తప్పవుతుంది. అది దాచకూడదు. వై2కె రోజులు మా తరానికి బాగా గుర్తు. సంవత్సరాన్ని రెండంకెల్లో రాసిన పాత ప్రోగ్రాములు 2000 రాగానే తికమకపడతాయన్నారు. గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేట సందుల్లో, ఇక్కడ లబ్బీపేటలో కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాష నేర్పే బోర్డులు లేచాయి. మన పిల్లలు చాలామంది ఆ పని మీదే అమెరికా వెళ్లారు. 2000 జనవరి 1న ఏమీ కూలిపోలేదు. అదంతా బూటకమని నేనూ అప్పట్లో స్టాఫ్ రూములో వాదించాను. నా వాదన తప్పు. ముందే లక్షల ప్రోగ్రాములను దిద్దారు కాబట్టే ఏమీ కాలేదు. ఆ ఏడాది మార్చి తర్వాత అమెరికా మార్కెట్ పడిపోయింది, 2001లో ఉద్యోగాలు పోయాయి. సమస్య నిజమే, పని నిజమే. ఆ పని ఎప్పటికీ ఉంటుందని చెప్పి ఫీజులు కట్టించుకోవడమే అబద్ధం. క్వాంటమ్ తాళాల విషయంలో కూడా భయం పూర్తిగా ఉత్తిది కాదు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులోనే, క్వాంటమ్ యంత్రాలకు లొంగని కొత్త తాళాల ప్రమాణాలు మూడు విడుదల చేసింది.

అమరావతి విషయంలో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం. ఇక్కడ ప్రకటన అంటే కాగితం కాదు, భూమి. 29 గ్రామాల రైతులు 33 వేల ఎకరాలకు పైగా భూసమీకరణలో ఇచ్చారు. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగింది. సింగపూర్ కంపెనీలతో స్టార్టప్ ఏరియా అన్నారు. 2019 నవంబరులో అది రద్దయింది. ఆ డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది. తుళ్లూరు, మందడం ఆడవాళ్లు నాలుగేళ్లకు పైగా శిబిరాల్లో కూర్చున్నారు. ఇన్ని చూసినవాళ్లకు, యంత్రం ఎప్పుడు వస్తుంది, దాని మీద పనిచేసే సమయం మన కాలేజీ పిల్లలకు ఎంత దొరుకుతుంది, అక్కడ ఉద్యోగాలు ఎన్ని, వాటికి ఏ చదువు కావాలి అని అడిగే హక్కుంది. అలా అడిగితే రాజధానికి వ్యతిరేకమని ముద్ర వేయడం అన్యాయం.

ఆ తండ్రికి చివరికి నేను చెప్పింది ఇంతే. కోర్సు పేరు చూడకండి, మొదటి రెండేళ్లలో లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, ఫిజిక్స్ ఎవరు చెబుతారో అడగండి. పేరులో ఉన్న మాట కోసం మేనేజ్‌మెంట్ సీటుకు డబ్బు పోయకండి. పిల్లవాడితో మాత్రం వేరే మాట చెప్పాను. ఐబీఎం తన క్వాంటమ్ కంప్యూటర్‌ను 2016 మేలోనే ఇంటర్నెట్‌లో పెట్టింది. అప్పుడు దానిలో ఐదు క్యూబిట్లు. ఇప్పుడు పెద్ద యంత్రాల మీద కూడా నెలకు కొన్ని నిమిషాలు ఉచితంగా వాడుకోవచ్చు. అమరావతి యంత్రం వచ్చేదాకా ఆగక్కర్లేదు అన్నాను.

అతను మామూలు ఈసీఈలో చేరాడు. రెండు నెలల తర్వాత ఒక ఆదివారం లాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. రెండు క్యూబిట్లను జతకట్టి చిన్న సర్క్యూట్ రాశాడు. పుస్తకం ప్రకారం జవాబు 00 గానీ 11 గానీ రావాలి, సగం అది, సగం ఇది. వెయ్యిసార్లు నడిపాడు. ఫలితాల గ్రాఫులో ఆ రెండు జవాబుల కడ్డీలూ దాదాపు సమానంగా నిలబడ్డాయి. వాటి మధ్యలో 01, 10 దగ్గర కూడా రెండు పొట్టి కడ్డీలున్నాయి.

"మాస్టారూ, ఇవి రాకూడదు కదా. ఎందుకొచ్చాయి?" అన్నాడు.

కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను.