కాలి రక్తనాళాలు: అపోహలు, వాస్తవాలు

అపోహ: వాస్క్యులర్ సర్జన్ (రక్తనాళాల సర్జన్) అంటే గుండె డాక్టరే.

కాదు. గుండె, మెదడు లోపలి నాళాలు పోగా మిగతావి మా పని: మెడలోని కెరోటిడ్ ధమని, పొట్టలో ఉబ్బిన అయోర్టా (ఒంట్లోని అతి పెద్ద ధమని), కాళ్ల నాళాలు, డయాలసిస్ కోసం చేతిలో ధమనిని సిరతో కలిపే ఫిస్టులా. సాధారణంగా జనరల్ సర్జరీ అయ్యాక మరో మూడేళ్లు ఎంసీహెచ్ లేదా డీఆర్‌ఎన్‌బీ అనే సూపర్ స్పెషాలిటీ కోర్సు చదవాలి. కోసి బైపాస్ వేయడం, కోయకుండా బెలూన్, స్టెంట్ పెట్టడం రెండూ అందులో భాగమే.

అపోహ: నడిస్తే పిక్కలు పట్టేస్తున్నాయంటే నరాల బలహీనత, బలం మాత్రలు చాలు.

కొంత దూరం నడవగానే పిక్క బిగుసుకుని, నిలబడితే కొద్ది నిమిషాల్లో తగ్గి, మళ్లీ దాదాపు అంతే దూరానికి వస్తుంటే ధమని పూడిందేమో చూడాలి. వెన్నుపూస నొక్కుడు వల్ల వచ్చే నొప్పికి ఊరికే నిలబడితే చాలదు, కూర్చోవాలి లేదా ముందుకు వంగాలి. పరీక్ష తేలికే: చీలమండ దగ్గరి సిస్టాలిక్ బీపీని (బీపీలో పై అంకెను) చేతి సిస్టాలిక్ బీపీతో భాగిస్తాం. 0.9 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే ధమని జబ్బే. చిక్కంతా షుగర్ ఉన్నవారితో. ధమని గోడలో కాల్షియం పేరుకుంటే కఫ్ ఎంత బిగించినా నాళం నొక్కుకోదు, అంకె 1.4 దాటుతుంది. దాన్ని చూసి రక్తం బాగా పారుతోందని పంపించేయకూడదు, బొటనవేలికి చిన్న కఫ్ కట్టి మళ్లీ కొలవాలి.

అపోహ: కాలి పుండు ఏదైనా గట్టిగా కట్టు కడితే మానుతుంది.

కాళ్లు పోగొట్టే అపోహ ఇది. చీలమండ లోపలివైపు, లోతు లేకుండా, చెమ్మగా, చుట్టూ చర్మం నల్లబడి ఉన్న పుండు చాలావరకు సిరలది. దానికి బిగువు కట్టే అసలు మందు, పై పూతలు తర్వాత. వేలి కొసనో మడమ మీదో, ఎండిపోయి, రాత్రిళ్లు కాలు మంచం దించి వేలాడేస్తే తప్ప నిద్ర పట్టనివ్వని పుండు ధమనిది. దానికి అదే కట్టు బిగిస్తే అందే కాస్త రక్తమూ ఆగిపోతుంది. రెండూ ఒకే కాలికి ఉండొచ్చు కూడా. అందుకే ముందు పాదం నాడి చూడాలి, పైన చెప్పిన చీలమండ బీపీ భాగహారం అంకె తీయాలి, ఆ తర్వాతే కట్టు. అంకె 0.5 కన్నా తక్కువైతే బిగువు సాక్స్ వద్దు.

అపోహ: కాలు చల్లబడితే కాపడం పెట్టాలి.

స్పర్శ తగ్గిన పాదానికి వేడి తెలియదు, బొబ్బలెక్కుతుంది. రక్తం అందని చోట ఆ బొబ్బ మానదు. ఉన్నట్టుండి ఒక కాలు తెల్లబోయి, చల్లబడి, నొప్పి పుట్టి, వేళ్లు కదలకపోతే ధమనిలో రక్తపు గడ్డ అడ్డుపడినట్టు. కండరం తట్టుకునేది 6 గంటల వరకే, పొద్దున చూద్దాంలే అనుకోవద్దు. గుండె లయ తప్పేవారికి ఈ ముప్పు ఎక్కువ.

అపోహ: వెరికోస్ సిరలు మూసేస్తే రక్తానికి దారి ఉండదు.

కాలి రక్తంలో దాదాపు 90 శాతం లోపలి సిరల గుండానే పైకి పోతుంది. పైన ఉబ్బినవి ఎలాగూ వెనక్కే కారుతున్నాయి. నిలబెట్టి తీసిన డాప్లర్‌లో (రక్తం పారే తీరు చూపే స్కాన్) ఆ వెనకపోటు అర సెకను దాటితే సిరలోని కవాటం పాడైందని లెక్క. లోపలి సిర తెరిచే ఉందని చూసుకునే లేజర్ వేస్తాం, రోగి ఆ రోజే నడుస్తాడు. ఉబ్బిన సిర చిట్లి రక్తం చిమ్మితే, చిట్లినచోటికి ఎగువన కాలి చుట్టూ గుడ్డ బిగించి కట్టకండి, కారడం ఇంకా ఎక్కువవుతుంది. పడుకోబెట్టి, కాలు ఎత్తి, చిట్లినచోటే వేలితో 10 నిమిషాలు అదిమి పట్టండి.

అపోహ: ఫిస్టులా ఎప్పుడు కావాలంటే అప్పుడు వేయించుకోవచ్చు.

సిర 6 మిల్లీమీటర్లకు లావెక్కి, నిమిషానికి 600 మిల్లీలీటర్లు పారడానికి 6 నుంచి 8 వారాలు పట్టొచ్చు. కిడ్నీ జబ్బు తెలిసిన రోజు నుంచే వాడుక తక్కువైన చేతిని కాపాడాలి. రక్తం తీయాలన్నా సెలైన్ పెట్టాలన్నా రెండో చేతి వెనకవైపు సిరలు అడగండి. ఫిస్టులా పడ్డాక రోజూ వేలు పెట్టి జలదరింపు చూసుకోవాలి. అది ఆగితే గడ్డ కట్టినట్టే. తర్వాతి డయాలసిస్ దాకా ఆగకుండా ఆ రోజే రావాలి.