కాగితాన్ని కింద నుంచి చదవండి

చిరంజీవులకు తాతయ్య దీవెనలు.

స్తంభాలకు అంటించే మున్సిపల్ నోటీసులు అసలు ఎవరైనా చదువుతారా అని మొన్న ఫోన్లో అడిగి నవ్వారు. నేనూ చాలా ఏళ్లు చదవలేదు. ఒకసారి వీధి చివరి ఖాళీ స్థలం గురించి ఓ కాగితం అంటించారు. వానకు తడిసి సగం అక్షరాలు కారిపోయాయి, ఓ మూల ఊడి గాలికి టపటపా కొట్టుకునేది. నెల రోజులు దాని పక్కనుంచే నడిచాను. యంత్రం వచ్చి చెట్లు పీకుతుంటే అప్పుడు ఆఫీసుకు పరిగెత్తాను. "అభ్యంతరాల గడువు అయిపోయి పదకొండు రోజులైందండీ" అన్నాడు గుమాస్తా, తాపీగా. ఒళ్లు మండింది. కానీ అతను చెప్పింది నిజమే.

అప్పట్నుంచి నోటీసుని కింద నుంచి పైకి చదువుతున్నాను. పైనంతా చట్టం పేరు, సెక్షను, ఉత్తర్వు నంబరు. మనకు కావలసిన గడువు తేదీ, ఎవరికి రాయాలో ఆ చిరునామా చాలాసార్లు అడుగున ఉంటాయి. తర్వాత చూడాల్సింది, అది ప్రతిపాదనా, నిర్ణయమా అని. ప్రతిపాదన అంటే ఇంకా పచ్చి కుండే, వంకర సరిచేయొచ్చు. "ఆమోదించడమైనది" అని ఉంటే ఆవంలో కాలిపోయినట్టే. ఇక అప్పీలనీ కోర్టనీ తిరగాలి.

స్థలాన్ని సర్వే నంబరుతోనో హద్దులతోనో రాస్తారు. అది మీరు ఆడుకునే చోటని ఎవరూ చెప్పరు. అందుకే మ్యాపు చూపించమని అడగండి, అందులో ముందు మీ ఇల్లు వెతుక్కోండి. ఇళ్లకు ఒక రంగు, వ్యాపారానికి ఒకటి, ఫ్యాక్టరీలకు ఒకటి, పార్కులకు ఒకటి వేస్తారు. మీ పక్కన రంగు మారిందంటే, మీరు పెద్దయ్యేసరికి కిటికీలోంచి కనిపించేది కూడా మారుతుందన్నమాట.

చోటు తెలిస్తే ఎంత పని జరుగుతుందో ఒక కథ చెబుతా. 1854లో లండన్‌లోని సోహోలో కలరా వచ్చి, పది రోజుల్లో 500 మందికి పైగా పోయారు. చెడు గాలే కారణమని అప్పటి వాళ్ల నమ్మకం. జాన్ స్నో అనే డాక్టరు చనిపోయినవాళ్ల ఇళ్లు ఎక్కడెక్కడున్నాయో ఆరా తీస్తే, చాలావరకు బ్రాడ్ స్ట్రీట్‌లోని నీళ్ల పంపు చుట్టూనే తేలాయి. జబ్బు గాలితో కాదు, ఆ నీళ్లతో వస్తోందని ఆయనకు తోచింది. ఆయన వెళ్లి చెప్పింది రాణికీ కాదు, పార్లమెంటుకీ కాదు, ఆ పేట బోర్డు వాళ్లకి. మర్నాడు సెప్టెంబరు 8న పంపు పిడి ఊడదీశారు. అప్పటికే జబ్బు తగ్గుముఖం పట్టింది, అది దాచకూడదు. అయినా నాకు ఆ పిడి అంటే గౌరవం.

నీళ్ల సంగతి వచ్చింది కాబట్టి ఇదీ వినండి. రిపేరు తర్వాత కుళాయి ఎర్రగా వస్తే, పైపుల్లో పేరుకున్న తుప్పూ మడ్డీ కదిలాయన్నమాట. తేటపడేదాకా వదిలేయండి. కాచుకుని తాగమని కబురొస్తే మాత్రం తేటగా ఉన్నా కాచాల్సిందే. పైపులో ఒత్తిడి పడిపోతే పగుళ్లలోంచి బయటి మురుగు లోపలికి చేరొచ్చు.

బడి ముందు వేగం గంటకు 50 కిలోమీటర్ల నుంచి 30కి తగ్గిస్తే పెద్దవాళ్లు విసుక్కుంటారు. మీరు లెక్క వేసి చూపించండి. గుద్దుకునే శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది: ఒకవైపు 50×50 అంటే 2500, ఒకవైపు 30×30 అంటే 900. అంటే దాదాపు 2.8 రెట్లు.

ఫిర్యాదు రాసేటప్పుడు "మా వీధిలో లైటు వెలగట్లేదు" అని రాస్తే లైన్‌మన్ ఎక్కడని వెతుకుతాడు? స్తంభం మీద నంబరు ఉంటే అది రాయండి, ఎన్ని రాత్రులుగా వెలగట్లేదో రాయండి, వాళ్లిచ్చే ఫిర్యాదు నంబరు దాచుకోండి. మళ్లీ అడగాలంటే అదే ఆధారం.

ఇవాళ పొద్దున స్తంభానికి కొత్త కాగితం వచ్చింది. కల్వర్టు వెడల్పు చేస్తారట. ఇంకా ప్రతిపాదనే, గడువు ఈ నెల 22. మ్యాపులో అంకెలు నా కళ్లకు ఆనడం లేదు. ఆదివారం రండి, భూతద్దం నేను పట్టుకుంటాను, మీరు చదువుదురుగాని.

మీ తాతయ్య