తలను బట్టే దారం: వడకడం, టోపీల అల్లికపై అపోహలు – వాస్తవాలు

పాలమూరు, నల్లగొండ వైపు గొర్రెల మందలకు, మగ్గాలకు కొదవ లేదు. పత్తి చేలు సరేసరి. అందుకే సరదాగా వడకడం, అల్లడం మొదలుపెట్టినవాళ్లు దారం కోసం ముందు చుట్టుపక్కలే చూస్తారు. మంచిదే. కానీ దవాఖానలకు టోపీలు అల్లి ఇద్దామనుకునేవాళ్లు మాత్రం అది ఎవరి తలకో తేల్చుకున్నాకే దారం ఎంచుకోవాలి.

అపోహ: మన గొర్రె బొచ్చు సహజమైనది, పసిపిల్లల టోపీకి అంతకన్నా మంచిది లేదు.

వాస్తవం: దక్కని గొర్రె బొచ్చు ముతక. చర్మానికి గుచ్చుకునేది పోగు కొన. 30 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం దాటిన పోగు వంగకుండా నిలబడి పొడుస్తుంది. దక్కని ఉన్ని సగటు మందమే అంతకు మించి ఉంటుంది, పైగా అందులో ఉన్నితో పాటు వెంట్రుక కూడా కలిసి ఉంటుంది. కురుమల ఇళ్లలో ఆడవాళ్లు వడికి, మగవాళ్లు నేసే గొంగడి దశాబ్దాలు మన్నేది ఈ ముతకదనం వల్లే. చింతగింజల గంజి పట్టించిన ఆ నేత వానకూ చలికీ తట్టుకుంటుంది. ఆ బొచ్చుతో ఆసనాలు, సంచులు, పరుపు కింద పరిచే చాపలు అల్లండి, ఎంతో బాగుంటాయి. గొర్రెపిల్ల తొలి కత్తిరింపు కాస్త మెత్తగా ఉంటుంది కానీ, అదీ పసిపాప నుదుటికి పనికిరాదు.

అపోహ: బొచ్చు శుభ్రం కావాలంటే వేడినీళ్లలో గట్టిగా పిసకాలి.

వాస్తవం: వేడి, సబ్బు, రాపిడి మూడూ కలిస్తే పోగుల మీది పొలుసులు ఒకదానికొకటి పట్టుకుని బొచ్చంతా ముద్ద కడుతుంది. ఆ ముద్ద మళ్లీ విడిపోదు. మొదటిసారికి 100 గ్రాములు చాలు. గడ్డి, పల్లేరుకాయలు ఏరి, బాగా దులపండి. చెయ్యి పట్టలేనంత వేడినీళ్లలో వడకట్టిన కుంకుడు రసం కలిపి, బొచ్చును మెల్లగా ముంచి 20 నిమిషాలు వదిలేయండి. కలపొద్దు. జాడించే నీళ్లు కూడా అంతే వేడిగా ఉండాలి. వేడిలోంచి తీసి చన్నీళ్లలో వేస్తే అప్పుడూ ముద్ద కట్టే ప్రమాదం ఉంది. నీడలో ఆరబెట్టాలి.

అపోహ: దారం తెగుతోందంటే చేతివాటం కుదరలేదని అర్థం.

వాస్తవం: చాలాసార్లు తప్పు చేతిది కాదు. కారణాలు మూడు. పురి చాలకపోతే పోగులు జారి దారం విడిపోతుంది. బొచ్చును సరిగా ఏకకపోతే, అంటే పోగులు విడదీసి దువ్వకపోతే, దారం ఒకచోట ఉబ్బి, పక్కనే సన్నబడుతుంది, అక్కడే తెగుతుంది. గొర్రె బొచ్చు కత్తిరించేటప్పుడు కత్తెర ఒకే చోట రెండుసార్లు పడితే చిన్న చిన్న తుంపులు వస్తాయి, అవి దారంలో ఉండలు కడతాయి. తుంపుల్ని ఏకేముందే ఏరి పారేయాలి. తెగిన కొన చూస్తే తెలిసిపోతుంది: మెల్లగా సన్నబడి జారిపోయి ఉంటే పురి తక్కువ.

పత్తి సంగతి వేరు. దాని పోగు పొడవు సుమారు 3 సెంటీమీటర్లే కాబట్టి పురి ఎక్కువ కావాలి, బరువు తక్కువ పడాలి. ఊలు వడికే 40 గ్రాముల వేలాడే కదురుకు పత్తి ఎక్కిస్తే కదురు నేల మీద పడుతుంది. పత్తికి తకిలీ (చిన్న, తేలికైన కదురు) తీసుకుని, దాన్ని చిన్న చిప్పలో నిలబెట్టి తిప్పండి.

ఒంటిపోగు దారంతో అల్లిన గుడ్డ ఒక పక్కకు వాలుతుంది. కదురును కుడివైపు తిప్పి వడికినవి రెండు పోగులు తీసుకుని, ఎడమవైపు తిప్పుతూ పెనవేస్తే ఆ వాలు పోతుంది. తర్వాత దారాన్ని చిలుపగా, అంటే పెద్ద వలయంలా చుట్టి, గోరువెచ్చని నీళ్లలో 20 నిమిషాలు నానబెట్టి ఆరేయాలి.

అపోహ: పోచంపల్లి మగ్గాల నూలు మిగిలితే టోపీలకు వాడుకోవచ్చు.

వాస్తవం: లెక్క చూడండి. 40 కౌంట్ (కౌంట్ అంటే నూలు సన్నదనానికి కొలత) నూలు గ్రాముకు దాదాపు 68 మీటర్లు వస్తుంది. 4 మి.మీ. సూదులకు సరిపోయే నూలు దారం గ్రాముకు 2 మీటర్ల పైచిలుకే. అంటే 32 పోగులు కలిపి పట్టాలి. అన్ని పోగుల్లో ఒకటి రెండు ప్రతి కుట్టులోనూ సూది నుంచి జారతాయి.

అపోహ: టోపీ కాస్త వదులుగా ఉంటేనే మంచిది, పిల్ల పెరుగుతుంది కదా.

వాస్తవం: వదులు టోపీ ముక్కు మీదికి జారుతుంది. అది ప్రమాదం. నెలలు నిండి పుట్టిన పాప తల చుట్టుకొలత 34–35 సెం.మీ. టోపీ సాగదీయకుండా 29–30 సెం.మీ. ఉండాలి. 10 సెం.మీ.కి 22 కుట్లు పడే దారమైతే 64 కుట్లు ఎక్కించండి. మొదటి 3 సెం.మీ. రెండు సీదా (ముందువైపు కుట్టు), రెండు ఉల్టా (వెనకవైపు కుట్టు). ఆపైన అంతా సీదా, మొదటి నుంచి కొలిస్తే 10 సెం.మీ. వచ్చేదాకా. తర్వాత ఆరు కుట్లు అల్లి, రెండు కలిపి ఒకటి చేయండి. చుట్టంతా ఇలాగే చేస్తే 56 మిగులుతాయి. ఒక చుట్టు మామూలుగా. మళ్లీ ఐదు అల్లి రెండు కలపడం. ఇలా 8 కుట్లు మిగిలేదాకా తగ్గించి, వాటి గుండా దారం రెండుసార్లు లాగి బిగించాలి. 25–30 గ్రాములు పడుతుంది. అంచు నుదుటి మీద గీత వేస్తోందంటే కుట్లు బిగుతుగా ఎక్కించారన్నమాట. ఆ ఒక్క వరుసకు ఒక సైజు పెద్ద సూది వాడండి.

పాంపాం, పూస, గుండీ వద్దు. ఊడితే నోట్లోకి పోతాయి.

అపోహ: ఒంట్లో వేడి సగం తల నుంచే పోతుంది, పాపకు రోజంతా టోపీ ఉండాల్సిందే.

వాస్తవం: పెద్దవాళ్ల శరీర ఉపరితలంలో తల వాటా పదో వంతు కూడా ఉండదు. పసిపాపకు దాదాపు ఐదో వంతు. పుట్టిన తొలి గంటల్లో, నెలలు నిండని బిడ్డల వార్డులో, తల్లి ఎదకు ఆనించి పడుకోబెట్టే కంగారూ సంరక్షణలో టోపీ ఎంతో అవసరం. ఇంటికొచ్చాక లోపల పడుకునే పాపకు టోపీ పెట్టొద్దని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2022లో సూచించింది, కారణం ఒళ్లు వేడెక్కడం. 40 డిగ్రీలు దాటే పాలమూరు ఎండల్లో ఇది మరీ పట్టించుకోవాలి. టోపీతో పాటు ఈ మాట కూడా తల్లికి చెప్పండి.

అపోహ: కాన్సర్ రోగులకు అసలు ఊలే గొప్ప కానుక.

వాస్తవం: కీమోతో జుట్టు రాలిన మాడు చాలా సున్నితం. మెత్తని నూలు, లేదా మెత్తని అక్రిలిక్ వాడండి. అతుకు లేకుండా గుండ్రంగా అల్లాలి. 10 సెం.మీ.కి 22 కుట్ల లెక్కనే పెద్దవాళ్ల తలకు 112 కుట్లు. మామూలు ఊలు టోపీ దవాఖాన ఉతుకుడికి కుంచించుకుపోతుంది. అక్రిలిక్‌కు ఇస్త్రీ తగలనివ్వొద్దు, సాగిపోయి మళ్లీ ఆకారానికి రాదు.

అపోహ: ఉప్పునీళ్లలో నానబెడితే రంగు దిగదు.

వాస్తవం: ఉప్పు పనికొచ్చేది అద్దేటప్పుడే. అద్దేసిన దారంలో వదులుగా ఉన్న రంగును అది ఆపలేదు. తెల్లగుడ్డతో కలిపి గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టండి. గుడ్డకు రంగు అంటితే ఆ దారం దానానికి వద్దు.

అపోహ: అల్లినవి ఇచ్చేదాకా కలరా ఉండలు వేసి దాచాలి.

వాస్తవం: పసిపిల్లలవైతే ఎప్పుడూ వేయకండి. జి6పీడీ (ఎర్రరక్తకణాలను కాపాడే ఎంజైమ్) లోపం ఉన్న బిడ్డకు ఆ ఉండల్లోని నాఫ్తలీన్ సోకితే ఎర్రరక్తకణాలు పగిలి కామెర్లు ముదురుతాయి. పైగా నూలును, అక్రిలిక్‌ను ఊలుపురుగు తినదు. వాసన లేని సబ్బుతో ఉతికి, పూర్తిగా ఆరాక సంచిలో మూతి కట్టి పెట్టండి. సంచి మీద చుట్టుకొలత, దారం రకం, ఎలా ఉతకాలో చీటీ అంటిస్తే, వార్డులో నర్సమ్మ ప్రతి టోపీ విప్పి చూడక్కర్లేదు.